ఇనుపదొర కోట

డాక్టరమ్మ స్కానింగు కాగితం పక్కన పెట్టి, "మాయ కిందికి ఉందమ్మా. కాన్పయ్యేదాకా మంచం దిగొద్దు. స్నానానికీ బాత్రూముకీ లేస్తే లేచినట్టు, అంతే" అన్నప్పుడు గాయత్రి బుద్ధిగా తలూపింది. ఆ మాట ఎంత పొడుగో అప్పటికి తెలియలేదు. రిక్షాలో ఇంటికొస్తూ భర్త శ్రీహరి గుంట వచ్చినప్పుడల్లా "మెల్లిగా పోనీవయ్యా, మెల్లిగా" అని రిక్షా అతన్ని బతిమాలుతుంటే నవ్వుకుంది కూడా. మర్నాడు తెల్లారి అలవాటుగా లేవబోయి, లేవకూడదని గుర్తొచ్చినప్పుడు ఆ నవ్వు కాస్తా పోయింది.

ఆమెది దివిసీమలో కోడూరు పక్కన చిన్న పల్లె. తల్లి చిన్నప్పుడే పోతే, తండ్రి వెనకాల వరిచేల గట్ల మీద తిరుగుతూ పెరిగింది. ఒకచోట కూర్చోమంటే ఒంటికి జెర్రులు పాకినట్టుండేది. బందరులో చదువుకుని గుడివాడలో ఒక ప్రైవేటు బళ్ళో సోషల్ చెప్పేది. పాఠం చెప్పేటప్పుడు కుర్చీ ముట్టుకునేది కాదు. క్లాసులో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూనే అశోకుడి దగ్గర్నుంచి అక్బరు దాకా చెప్పేసేది. అలాంటి మనిషిని మంచానికి కట్టేసినట్టయింది. అదీ 2002 ఎండాకాలంలో.

అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మొదటిది ఎవరికీ చెప్పకముందే పోయింది. రెండోది అందరికీ చెప్పుకున్నాక పోయింది. అందుకని ఈసారి సంతోషపడటానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు. శ్రీహరి పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి బందరులో ఆఫీసుకు వెళ్ళిపోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు. ఇంట్లో అత్తగారు ఇందిరాదేవి ఉండేది. ఆవిడ చేత పని ఎక్కువ, నోట మాట తక్కువ. కోడలికి వేళకి అన్నం, మందు, పళ్ళరసం అందించి, మధ్యాహ్నం హాల్లో చాప వేసుకుని, ముఖం మీద చెంగు కప్పుకుని పడుకునేది. ఇక ఇల్లంతా ఫ్యాను చప్పుడే. ఆ చప్పుడులో గాయత్రికి రాని ఆలోచన ఉండేది కాదు.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మరిది బాబీ ఒక ఆదివారం చూడ్డానికి వచ్చాడు. వదిన పైకప్పు వంక చూస్తూ పడుకుని ఉండటం చూసి ఏమీ అనకుండా, తను వాడి వదిలేసిన పాత కంప్యూటరును దుమ్ము దులిపి మంచం పక్కకి జరిపాడు. మౌస్ తిప్పుకోవడానికి పరుపు మీద ఒక అట్టముక్క పెట్టాడు.

"ఇదో ఆట వదినా. కంగారు పెట్టే ఆట కాదు. మన వంతులో మనం, వాళ్ళ వంతులో వాళ్ళు. గళ్ళ మీద చదరంగంలాగే ఉంటుంది గానీ ఇందులో మనుషులకి దెబ్బలు తగుల్తాయి, నయమవుతాయి, పోనుపోను ఆరితేరుతారు. కానీ ఒకటి, ఒకసారి చచ్చిపోయినవాడు ఇక మళ్ళీ..." అంటూనే నాలిక కరుచుకున్నాడు.

"ఫరవాలేదులే, చెప్పు" అంది గాయత్రి.

రాజ్యం పోగొట్టుకున్న ఒక చిన్నరాణి, గుప్పెడు మంది నమ్మకస్తులతో ఒక్కో ఊరూ గెలుచుకుంటూ తన కోట దాకా రావడం ఆ ఆటలో కథ. బాబీ వెళ్ళాక రెండు రోజులు గాయత్రి దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు ఊరికే తెరిచింది. ఎడమ పక్కకి తిరిగి పడుకుని, తలకింద రెండు దిళ్ళు పెట్టుకుని, రాణిగారి మనుషుల్ని ఒక్కొక్క గడే నడిపించడం మొదలుపెట్టింది. తను నడవలేకపోయినా ఎవరో నడుస్తున్నారు. అది బాగుంది.

ఆ మంచం పక్కన కిటికీ వరండాలోకి ఉండేది. ఆ వరండాలోకి రోజూ పన్నెండు దాటాక పెద్దింట్లమ్మ వచ్చేది. కృత్తివెన్ను దగ్గర పల్లెకారుల ఊరు ఆవిడది. తెల్లారగట్ల పడవల దగ్గర చేపలు కొనుక్కుని, పెడన దాకా బస్సులో, అక్కణ్ణించి రైల్లో గుడివాడ వచ్చి, నెత్తిన సత్తు బేసిన్‌తో వీధి వీధీ తిరిగేది. వీళ్ళది ఆఖరి ఇల్లు. ఇందిరాదేవి చేపలు లోపల పెట్టి వచ్చాక, వరండాలో బేసిన్ బోర్లించి, ఆవిడ చెంబుతో పోసిన నీళ్ళు దోసిట్లో తాగి, తిరుగు రైలు దాకా ఆ నీడన నడుం వాల్చేది.

ఒకరోజు కిటికీ ఊచల అవతల నుంచి గొంతు వినపడింది.

"ఏంటమ్మా అది? బొమ్మలు కొట్టేసుకుంటన్నాయి!"

గాయత్రి ఉలిక్కిపడి చూసింది. ఊచలు పట్టుకుని, చెమటకి అంటుకుపోయిన బొట్టుతో, కళ్ళు చిన్నవి చేసుకుని చూస్తోంది పెద్దింట్లమ్మ.

"ఆట పెద్దింట్లమ్మా. ఆ పిల్ల రాణి. వీళ్ళు ఆవిడ మనుషులు."

"మరి ఆ కిందున్నోళ్ళు?"

"పగవాళ్ళు."

"ఈ డాలోడు మనోడేనా? ఆడి వెనకాల ఆ గుంటని ఎందుకెట్టావు, ఒట్టి సేతుల్తో నిలబడింది?"

"ఆ పిల్ల కొట్టదు. దెబ్బలు తగిలినవాళ్ళకి మందు వేస్తుంది."

"మందుల పిల్లన్నమాట" అని ఖాయం చేసుకుంది పెద్దింట్లమ్మ.

ఆ రోజు నుంచి ఆటలో అందరికీ ఆవిడ పెట్టిన పేర్లే. డాలోడు, మందుల పిల్ల, గుర్రపు బావ, గడ్డం తాత. ఆ గడ్డం తాత నిప్పులు కురిపించే మాంత్రికుడు. విల్లు పట్టుకున్న పొడుగాటి అమ్మాయికి మాత్రం తన మేనకోడలి పేరు పెట్టి మంగతాయారు అంది. "దీనిలాగే అదీ దూరంగా నిలబడి మాటలు ఇసురుద్ది" అని కారణం కూడా చెప్పింది.

ఆవిడ సలహాలు మంచివో చెడ్డవో గానీ ఆపకుండా వచ్చేవి. గాయత్రి కొన్ని వినేది, కొన్ని వినేది కాదు. విన్నవాటిలో సగం బెడిసికొట్టేవి. అయినా పన్నెండు అవుతుంటే చెవులు వీధి గుమ్మం వైపు రిక్కించేది. పొద్దుటిపూట ఆడబుద్ధయినా ఆపుకునేది. "మీ చేపలమ్మ రాలేదా ఇంకా?" అని శ్రీహరి సెలవురోజున ఎగతాళి చేస్తే, "ఆవిడ లేకుండా వెళ్తే గుర్రపు బావ అలుగుతాడండీ" అంది. చాలా రోజుల తరవాత భార్య నోట హాస్యం విని శ్రీహరి చదువుతున్న పేపరు దించి అలా చూస్తూ ఉండిపోయాడు.

అలా ఆడుతూ ఆడుతూ వానలు మొదలయ్యేసరికి ఆఖరి కోట దగ్గరికి చేరారు.

చెరువు మధ్యలో కోట. లోపలికి సన్నటి గట్టు ఒకటే దారి. గుమ్మం ముందు నల్లటి దున్నలాంటి జంతువు మీద నిలువెల్లా ఇనుము తొడుక్కుని ఒకడు కూర్చుని ఉన్నాడు. వాడి తల మీద ప్రాణం చూపించే పచ్చగీత తెర సగం దాకా సాగి ఉంది. గుమ్మానికి అటూ ఇటూ రెండు బురుజులు, వాటి మీద చిన్న చిన్న బొమ్మలు ఏవో కదులుతున్నాయి.

"ఈడేనా ఆళ్ళ దొర?" అంది పెద్దింట్లమ్మ.

"వీడే. వీణ్ణి పడగొడితే రాణికి రాజ్యం వచ్చేస్తుంది."

"ఇంకేం, మన గుర్రపు బావని పంపు. ఒక్క పరుగులో ఎల్లిపోతాడు."

గాయత్రికీ అదే తోచింది. గుర్రపు బావ గట్టు మీద దూసుకుపోయాడు. ఇనుపదొర గొడ్డలి ఒక్కసారి తిప్పాడు. బావా లేడు, గుర్రమూ లేదు. ఆ వెనకే గట్టు మీదకి వచ్చిన పగవాళ్ళు రాణిని చుట్టుముట్టేశారు. తెర నల్లబడింది.

"నాదే తప్పమ్మా" అంది పెద్దింట్లమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని.

"ఈ కోట మొదట్నించీ మళ్ళీ ఆడదాం. గుర్రపు బావ ఉంటాడులే" అంది గాయత్రి.

రెండోసారి జాగ్రత్తగా వెళ్ళారు. డాలోడిని గట్టు మొగలో, దారికి అడ్డంగా నిలబెట్టి, వాడి వెనక మందుల పిల్లని పెట్టారు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు పడగొట్టుకుంటూ గుమ్మం దాకా వెళ్ళారు. అందరూ కలిసి దొర మీద పడ్డారు. పచ్చగీత కరిగి కరిగి గోరంత మిగిలింది. ఇంకొక్క దెబ్బ అనుకునేసరికి గీత మళ్ళీ నిండుగా లేచింది. "అయ్యో!" అంది గాయత్రి. మళ్ళీ కొట్టారు. మళ్ళీ గోరంత. మళ్ళీ నిండింది. "అయ్యయ్యో!" ఈసారి గడ్డం తాత నిప్పు తగిలి గీత ఇక చిట్టచివర ఉందనగా, ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. కరెంటు పోయింది. కంప్యూటరు కింద ఉన్న బ్యాటరీ పెట్టె కీచుమని రెండుసార్లు అరిచి అదీ చచ్చింది.

నల్లటి తెరలో తన ముఖం కనపడింది గాయత్రికి. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోవాలనుకున్న కొద్దీ ఎక్కువైంది.

"ఆటకి ఏడుత్తారా తల్లీ ఎవరన్నా! రేపు ఆడదాం. అంతా మళ్ళీ లేచి నిలబడతారుగా."

"ఇందులో లేస్తారు" అంది గాయత్రి వెక్కుతూ. "నాకు పోయినవాళ్ళు లేవలేదు. ఇది కూడా పోతే?"

పెద్దింట్లమ్మ ఊచలకి దగ్గరగా జరిగింది. అంతా మంచే జరుగుతుంది లాంటి మాట ఒక్కటీ అనలేదు. ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి గాయత్రి మోచేతి మీద వేసింది. ఉప్పుకి పగిలిన గరుకు చెయ్యి.

"నాకు ముగ్గురమ్మా" అంది చివరికి. "పేర్లెట్టేదాకా కూడా ఉండలా. ఆ తరవాత ఇద్దరు మగపిల్లలు నిలిచారు. ఎందుకు పోయారో తెలవదు, ఎందుకు నిలిచారో తెలవదు. పోయినప్పుడు ఏడిశాను. నిలిచినోళ్ళు కడుపులో ఉన్నప్పుడూ ఏడిశాను. అది మాత్రం దండగ ఏడుపని ఇప్పుడనిపిత్తాది."

ఆ మాట గాయత్రి మనసులో ఎక్కడో దిగింది. ముక్కు చీది, కళ్ళు తుడుచుకుంది. "పిన్నీ, నీ రైలు" అంది. ఆవిణ్ణి పిన్నీ అనడం అదే మొదలు. అన్నాక గానీ తనకే తెలియలేదు.

ఆ వారంలోనే భయపడినంతా వచ్చింది. తెల్లవారుతుండగా రక్తం కనపడింది. శ్రీహరి ఆటో తెచ్చాడు. ఆసుపత్రిలో మంచం కాళ్ళ కింద ఇటికలు పెట్టి, కాళ్ళ వైపు ఎత్తుగా పడుకోబెట్టి, సెలైన్లు ఎక్కించారు. డాక్టరమ్మ కడుపు మీద గొట్టం ఆనించి వింటున్నంతసేపూ గాయత్రి ఊపిరి పీల్చలేదు. "కొట్టుకుంటోందమ్మా, గుర్రంలా కొట్టుకుంటోంది" అని ఆవిడ అన్నాక గానీ గదిలో మనుషులున్నారని తెలియలేదు.

నెత్తురు ఆగి, ఇంటికి పంపేసరికి వారం దాటింది. ఆ వారమంతా పెద్దింట్లమ్మ రోజూ వచ్చిందట. ఆ సంగతి ఇందిరాదేవే చెప్పింది, కోడలికి అన్నం కలిపి పెడుతూ.

"చేపలమ్మా అని అరవలేదు ఒక్కరోజు కూడా. బేసిన్ దించకుండానే, అమ్మాయిగారెలా ఉన్నారండీ అని అడిగేది. నేను బావుందంటే అప్పుడు దించేది. ఆసుపత్రి నుంచి కబురు రాని రోజున నాతోపాటు గుమ్మంలో కూర్చుంది. ఆ రోజు రైలు కూడా పోగొట్టుకుంది పాపం."

ఆ మధ్యాహ్నం పెద్దింట్లమ్మ వచ్చి ఎప్పటిలాగే కిటికీ దగ్గర నిలబడింది. గాయత్రి ముఖం చూసి ఒక్క నవ్వు నవ్వింది. హాల్లో చాప మీద పడుకున్న ఇందిరాదేవి, ముఖం మీద చెంగు తీయకుండానే కేకేసింది.

"ఊచలు పట్టుకుని ఎంతసేపు వేలాడతావు పెద్దింట్లూ? లోపలికొచ్చి కూర్చో."

పెద్దింట్లమ్మ కదల్లేదు. "చేపల కంపండి పెద్దమ్మగారూ" అంది.

"ఆ కంపు రోజూ మా వంటింట్లో ఉండేదేగా. రా."

ఆవిడ పంపు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, గడప దాటి, మంచం పక్కన కింద కూర్చుంది. గాయత్రి కంప్యూటరు పెట్టింది. చెరువు, గట్టు, కోట. ఆట మొదలు కాకముందే హాల్లోంచి మళ్ళీ గొంతు.

"ముందు ఆ డప్పులవాళ్ళని తియ్యండే."

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు.

"ఏ డప్పులవాళ్ళు అత్తయ్యగారూ?"

"నాకేం తెలుసు, నేను చూశానా! పడుకుని వింటున్నాగా. మొదట డబడబమని డప్పు మోగుతుంది. ఆ వెంటనే నువ్వు అయ్యో అంటావు. మళ్ళీ డప్పు, మళ్ళీ అయ్యో. ఆ డప్పుకే వాడికి ప్రాణం లేస్తోంది."

గాయత్రి తెర మీదికి వంగింది. బురుజుల మీద కదులుతున్న చిన్న బొమ్మలు! వాళ్ళ చేతుల్లో ఉన్నవి డప్పులే. ఇన్నాళ్ళూ అది పగవాళ్ళ వంతు వచ్చిందని చెప్పే సంగీతమనుకుంది. "అత్తయ్యగారూ!" అని అరిచింది. ఇందిరాదేవి చెంగు తీసి, లేచి, జారిన ముడి వేసుకుంటూ గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కరెంటు మాటేంటమ్మా?" అంది పెద్దింట్లమ్మ.

"ఈ వారం కోత పొద్దుట. అయిపోయింది" అంది ఇందిరాదేవి. కుర్చీలో కుదురుకున్న తీరు చూస్తే అంతా ఆలోచించుకునే వచ్చినట్టుంది.

డాలోడు గట్టు మొగలో నిలబడ్డాడు. మందుల పిల్ల వెనక. వాళ్ళిద్దరూ వచ్చినవాళ్ళని ఆపుతుంటే, మంగతాయారు ఎడమ బురుజు మెట్లూ, గడ్డం తాత కుడి బురుజు మెట్లూ పట్టారు. మంగతాయారు మొదటి బాణానికే ఆ డప్పు ఆగింది. తాతకి మాత్రం మెట్ల మీద ఇద్దరు అడ్డం వచ్చారు. "తాతా, చావమాకు" అని పెద్దింట్లమ్మ చేతులు జోడించింది. తాత ప్రాణం సన్నటి గీతయ్యాక నిప్పు వేశాడు. రెండో డప్పూ ఆగింది.

వెంటనే ఎవరూ అనుకోనిది జరిగింది. అంతవరకూ గుమ్మం ముందు నుంచి కదలని ఇనుపదొర, దున్నని అదిలించి నేరుగా రాణి మీదికి వచ్చాడు.

"లాగు, లాగు, రాణిపిల్లని వెనక్కి లాగు!" అంది ఇందిరాదేవి, కుర్చీలోంచి సగం లేచి.

గాయత్రి తొందరపడలేదు. ఇది వంతుల ఆట. ఎంత భయమేసినా, తన వంతులో తను ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. మంచం మీద పడుకుని ఆమె నేర్చుకున్నది అదొక్కటే. రాణిని చెరువు మూలకి జరిపింది. గట్టు మొగ వదిలేసి డాలోడిని ఆమె ముందుకి తెచ్చింది. దొర గొడ్డలికి డాలోడు సగం అయిపోయాడు గానీ నిలబడ్డాడు. మళ్ళీ తన వంతు. గుర్రపు బావ పక్కనుంచి పొడిచాడు. మంగతాయారు బురుజు మీది నుంచే కొట్టింది. రాణి కత్తి వేసింది. డాలోడు తోశాడు. తాత దూరంలో ఉన్నాడు, అందలేదు. పచ్చగీత గోరంత మిగిలింది. ఈసారి డప్పు లేదు, నిండదు. కానీ కొట్టేవాళ్ళు కూడా అయిపోయారు. దొర వంతు వస్తే రాణి బతకదు.

"ఇంకెవరూ లేరు" అంది గాయత్రి.

"మందుల పిల్లుంది" అంది పెద్దింట్లమ్మ.

"దానికి కత్తీ కటారీ లేవు పిన్నీ."

"సేతిలో కర్రుందిగా!"

గాయత్రి చూసింది. నిజమే. మందు వేయడానికి పట్టుకునే కర్ర. దాంతో కొట్టవచ్చని ఇన్నాళ్ళ ఆటలో ఎప్పుడూ తోచలేదు. మందుల పిల్ల నాలుగు గళ్ళు నడిచి, కొండంత దున్న ముందు నిలబడి, టక్కుమని ఒక్కటి వేసింది. ఇనుపదొర వాలిపోయాడు.

ముగ్గురూ తెర వంక చూశారు. ఆ తరవాత పెద్దింట్లమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూ నేల మీద చేత్తో చరిచింది. "మందుల గుంట సంపేసిందమ్మా దొరని!" గాయత్రి నవ్వితే కడుపు కదులుతుందని పొట్ట పట్టుకుని, పెదాలు బిగబట్టి, కళ్ళమ్మట నీళ్ళు కార్చుకుంటూ నవ్వింది. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది. "ఇదిగో, ఇక్కడ!" అని పెద్దింట్లమ్మ చెయ్యి తీసుకుని పెట్టుకుంది. ఇందిరాదేవి చల్లగా వంటింట్లోకి వెళ్ళి మూడు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. మూడూ ఒకే రకం స్టీలు గ్లాసులు.

వానాకాలం వెళ్ళేటప్పుడు, రావాల్సినదానికంటే కాస్త ముందే, ఆపరేషను చేసి ఆడపిల్లని తీశారు. బరువు తక్కువే గానీ గొంతు పెద్దది. శ్రీలేఖ అని పేరు పెట్టారు. ఇంటికి వచ్చిన రోజున పెద్దింట్లమ్మ బేసిన్‌లో వేరేగా ఆకుల్లో చుట్టి పాలసొర తెచ్చింది. "పాలు పడతాయండి పెద్దమ్మగారూ, ఎల్లుల్లి దండిగా ఎయ్యండి" అంది. ఇందిరాదేవి దాన్ని ఉడికించి, తోలు ఒలిచి, పొడిపొడిగా వేయించి పెట్టింది. నిజంగానే పాలు పడ్డాయి. అంతకు మించి, ఆ పూట కంచం ముందు కూర్చున్న గాయత్రికి ఒకటి తెలిసింది. ఈ బిడ్డ తన ఒక్కదాని ఓపికతో రాలేదు. గుంట వచ్చినప్పుడల్లా రిక్షా అతన్ని బతిమాలిన భర్త, రైలు పోగొట్టుకుని గుమ్మంలో కూర్చున్న పెద్దింట్లమ్మ నుంచి, చెంగు కింద నుంచి చెవులతో కాపలా కాసిన అత్తగారి దాకా, ఎందరో తలా ఒక చెయ్యి వేస్తే వచ్చింది.

ఆ తరవాత ఏళ్ళు గడిచాయి. గాయత్రి మళ్ళీ బడికి వెళ్ళింది, మళ్ళీ నడుస్తూ పాఠాలు చెప్పింది. పెద్దింట్లమ్మకి మోకాళ్ళు పట్టేసి రైలెక్కడం మానేసింది. కొడుకులు రొయ్యల చెరువుల మీద పనికి కుదిరారు. చేపలు వేరే ఎవరో తెచ్చేవారు.

ఒక ఆదివారం గాయత్రి కూతుర్ని తీసుకుని కృత్తివెన్ను బస్సెక్కింది. పెద్దింట్లమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని వల బాగుచేస్తోంది. శ్రీలేఖని దగ్గరికి లాక్కుని, బుగ్గలు పుణికి, "ఆ ఆట ఆడతావటే నువ్వు?" అని అడిగింది. శ్రీలేఖ ఆ ఆట పేరే ఎరగదు. తాడాట ఆడతానని చెప్పి, ఇసకలోకి పరిగెత్తింది.

గాయత్రి చాలా చెప్పాలని వచ్చింది. తీరా కూర్చున్నాక, "నువ్వు రాకపోతే నేను ఆ మంచం మీద ఏమయ్యేదాన్నో పిన్నీ" అని మాత్రం అంది.

పెద్దింట్లమ్మ వల మీది నుంచి తలెత్తి, ఇదేం మాట అన్నట్టు చూసింది.

"నాకూ బాగుండేదమ్మా. అంతకు ముందు రైలు దాకా స్టేషన్లో కూకునేదాన్ని. చేపల బేసినుందని ఎవరూ పక్కన కూకోనిచ్చేవోళ్ళు కాదు. ఇటు జరుగు, అటు జరుగు అనేవోళ్ళు. మీ ఇంట్లో జరగమన్న మనిషి లేదు. ఎన్ని ఇళ్ళు తిరిగినా మీ ఇంటికొస్తన్నాననే తిరిగేదాన్ని."

గాయత్రి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. బస్సు వేళకి పెద్దింట్లమ్మ ఎండు నెత్తళ్ళ పొట్లం ఒకటి కట్టి ఇచ్చి, పెద్దమ్మగారిని అడిగానని చెప్పమంది.

సాయంత్రం ఇంటికి వచ్చి ఆ పొట్లం అత్తగారి చేతికిచ్చి, అక్కడి సంగతులన్నీ చెప్పింది గాయత్రి. ఇందిరాదేవి అంతా విని, పొట్లం డబ్బాలో పోసుకుంటూ ముఖం ముడుచుకుంది.

"వెళ్ళేదానివి నాకో మాట చెప్పలేవూ? నేనూ వచ్చేదాన్ని."

పై ఆదివారం ముగ్గురూ వెళ్ళారు.